తులసి ఎండిపోతే ఇంటికి అరిష్టమా?

ఈ వారం వీడియోలో తులసి గురించి చెప్పుకున్నాం కదా. పదిహేను నిమిషాల్లో పట్టని సంగతులు కొన్ని మిగిలాయి. అవి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. టీ తాగుతూ చదవండి, తొందరేం లేదు.

మీలో చాలామంది ఏదో ఒక రోజు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. "బాల్కనీలో తులసి ఎండిపోయింది. ఇంటికి ఏమైనా కీడు జరగబోతోందా?" హాస్టల్లో ఉండే పిల్లలు అడుగుతారు. కొత్తగా పెళ్ళై అద్దె ఫ్లాట్లో కాపురం పెట్టినవాళ్ళు అడుగుతారు. ఊరికెళ్ళి పది రోజుల తర్వాత తిరిగొచ్చి, తలుపు తీయగానే కుండీ చూసి గుండె జారిపోయినవాళ్ళు అడుగుతారు. అడిగేటప్పుడు ఆ గొంతులో భక్తి కంటే భయమే ఎక్కువ వినిపిస్తుంది నాకు. నేను మాట్లాడాలనుకున్నది ఆ భయం గురించే.

ఆషాఢంలో మౌలాలిలో మూడు రోజులు ప్రవచనం చెప్పాను. మౌలాలి తెలియనివాళ్ళకి ఒక మాట. హైదరాబాద్‌కి తూర్పున, నాచారం పక్కన ఉంటుంది. పెద్ద నల్లరాతి గుట్ట, దాని మీద దర్గా, కింద రైల్వే లైను, లోకో షెడ్డు, హౌసింగ్ బోర్డు కాలనీ, ఈ మధ్య లేచిన అపార్ట్‌మెంట్లు. ఎండాకాలంలో పగలంతా ఆ బండలు వేడిని పీల్చుకుని, రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంటాయి. అక్కడ మూడో అంతస్తులో, పడమటి బాల్కనీలో, చిన్న కుండీలో మొక్క బతకడమంటే మాటలు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

రెండో రోజు ప్రవచనం అయిపోయాక అందరూ ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయారు. ఒక అమ్మాయి మాత్రం చెప్పుల దగ్గర నిలబడిపోయింది. పాతికేళ్ళుంటాయి. నాచారంలో ఉద్యోగం. దగ్గరికొచ్చి, "గురువుగారూ, ఒకటి అడగాలె. మా ఇంట్ల తులసి ఎండిపోయింది. పారేయమంటరా, ఉంచమంటరా?" అంది. ఉంచమ్మా, చూద్దాం అన్నాను. అంతటితో వెళ్ళిపోతుందనుకున్నా. కదల్లేదు. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది.

ఆ తులసి వాళ్ళమ్మది. చైత్రంలో వాళ్ళమ్మకి జబ్బు చేసింది. సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రిలో చేర్చారు. ఏడు వారాలు. తండ్రీ కూతురూ వంతులేసుకుని అక్కడే ఉన్నారు. ఇంటికి రావడం, స్నానం చేయడం, బట్టలు మార్చుకుని మళ్ళీ వెళ్ళడం. వైశాఖంలో ఆమె కన్నుమూసింది. కర్మలు ముగిసిన రోజున మేనత్త బాల్కనీలోకి వెళ్ళి చూసి, "తులసమ్మ ముందే చెప్పింది. ఇన్ని నీళ్ళు పోసుంటే మీ అమ్మ దక్కేదేమో" అందట, పదిమందిలో.

ఆ మాట ఆ పిల్ల లోపల ముల్లులా దిగిపోయింది. రెండు నెలలుగా నిద్ర లేదు. ఇంట్లో ఆ కుండీ చూసినప్పుడల్లా తండ్రి కళ్ళలో నీళ్ళు. ఆయనేమో "తీసేద్దాం బిడ్డా, సూడలేకపోతున్న" అంటాడు. ఆమెకేమో తీసేస్తే ఇంకో పాపం చుట్టుకుంటుందని భయం. ఇంకెవరో వచ్చి, "ఏడాది మైల, తులసిని ముట్టుకోవద్దు" అని కూడా చెప్పి పోయారు. అంటే నీళ్ళు పోసే దారి కూడా మూసేశారన్నమాట!

మేనత్తను నేను తిట్టను. తన దుఃఖంలో ఆమె ఏదో అంది. తమ్ముడి భార్య పోయిందన్న బాధ ఎటు పోవాలో తెలియక ఒక కుండీ మీద పడింది. అయితే ఆ మాట మాత్రం తప్పు. తప్పని గట్టిగా చెప్పాలి.

ఎందుకు తప్పో నా సొంత తెలివితో చెప్పను. భీష్ముడు చెప్పిన కథ ఒకటుంది, దానితో చెబుతాను.

మహాభారతం, అనుశాసన పర్వం. భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు. ధర్మరాజు ఒకదాని తర్వాత ఒకటి అడుగుతున్నాడు. ఒకచోట ఆనృశంస్యం గురించి, భక్తుల గుణాల గురించి చెప్పమంటాడు. ఆనృశంస్యం అంటే క్రూరత్వం లేకపోవడం, కనికరం. దానికి భీష్ముడు ఏ రాజర్షి కథో, ఏ మహాముని కథో చెప్పలేదు. ఒక చిలుక కథ చెప్పాడు.

కాశీరాజు దేశంలో ఒక వేటగాడు. విషం పూసిన బాణాలతో లేడి వేటకి అడవికి వెళ్ళాడు. లేడి మీదకి బాణం వేశాడు. గురి తప్పింది. అది పోయి ఒక మహావృక్షానికి గుచ్చుకుంది. విషం చెట్టంతా పాకింది. ఆకులు రాలాయి, కాయలు రాలాయి, నిలువునా ఎండిపోయింది. దాని తొర్రలో ఎన్నాళ్ళుగానో ఒక చిలుక కాపురం. మిగతా పక్షులన్నీ ఎటో పోయాయి. ఇది పోలేదు. తిండి మానేసింది, బయట తిరగడం మానేసింది, నీరసించి మాట కూడా తడబడుతోంది. చెట్టుతో పాటు తానూ ఎండిపోతోంది.

ఇంద్రుడికి ఆశ్చర్యం వేసింది. పక్షికి ఇంత కనికరం ఎక్కడిది అని బ్రాహ్మణ వేషంలో దిగొచ్చాడు. ఈ ఎండు చెట్టు పట్టుకుని ఎందుకు వేలాడుతున్నావు, ఆకు లేదు, పండు లేదు, అడవి నిండా పచ్చటి చెట్లున్నాయి కదా, నీకు సరిపడే తొర్రలు బోలెడున్నాయి కదా అని అడిగాడు. చిలుక మామూలుది కాదు. వచ్చింది ఎవరో తన తపోబలంతో పసిగట్టేసింది. దేవరాజా, నీకు స్వాగతం అంది. తర్వాత తన మాట చెప్పింది. నేను ఇక్కడే పుట్టాను. ఇక్కడే పెరిగాను. పసిదాన్నిగా ఉన్నప్పుడు శత్రువుల బారిన పడకుండా నన్ను కాపాడింది ఈ చెట్టే. దీనికి శక్తి ఉన్నన్నాళ్ళూ దీని నీడన బతికి, ఇవాళ శక్తి లేదని ఎలా వదిలిపోను?

ఇంద్రుడు సంతోషించి వరం కోరుకోమన్నాడు. చిలుక తనకేమీ అడగలేదు. చెట్టు బతకాలంది. ఇంద్రుడు అమృతం చిలకరించాడు. చెట్టు మళ్ళీ చిగురు వేసింది, పూసింది, కాసింది.

ఈ కథను మూడుసార్లు చదివితే ఒక సంగతి కనబడుతుంది. ఇందులో లేనిదేమిటో చూడండి. చెట్టు ఎండింది కాబట్టి చిలుకకి కీడు అని ఎవరూ అనలేదు. ఎవరి పాపం వల్ల ఎండింది అన్న పంచాయతీ లేదు. చెట్టు ఏ తప్పూ చేయలేదు, చిలుకా చేయలేదు. ఎవరికో వేసిన బాణం ఎటో తగిలింది. లోకంలో కష్టాలు చాలా వరకు ఇలాగే వస్తాయి, గురి తప్పిన బాణంలాగా. ఇంద్రుడంతటివాడు దిగొచ్చి అడిగింది కూడా 'ఎవరు నిర్లక్ష్యం చేశారు' అని కాదు. 'నువ్వెందుకు ఇంకా ఇక్కడే ఉన్నావు' అని. భీష్ముడు దేనికి విలువ కట్టాడో అందులోనే తెలిసిపోతోంది.

ఆ అమ్మాయికి ఈ కథ చెప్పాను. అంతా విని, తలొంచుకుని ఒక మాట అంది. "మరి నేను చిలుకలెక్క లేను కదా గురువుగారూ. తులసిని ఇడిచిపెట్టి పోయిన కదా."

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. తర్వాత అడిగాను. ఆ ఏడు వారాలూ నువ్వు ఎక్కడున్నావమ్మా? ఆస్పత్రిలో. ఎక్కడ పడుకునేదానివి? వార్డు బయట కుర్చీలో. తిన్నావా? ఏదో తిన్న. ఉద్యోగం? సెలవులు అయిపోతే జీతం పోయినా వెళ్ళలేదు. మరి నీకు ప్రాణం పోసి, పసితనంలో కాపాడిన చెట్టు ఎక్కడుందో అక్కడే ఉన్నావు కదా తల్లీ. ఆ తొర్ర వదిలి కదల్లేదు నువ్వు. నువ్వు చిలుకవే. చెట్టు మాత్రం కుండీలో లేదు, ఆస్పత్రి మంచం మీద ఉంది.

అప్పుడు ఏడ్చింది. అది మంచి ఏడుపే.

మీకు ఒక్కటి మాత్రం స్పష్టంగా చెబుతాను. తులసిని పూజించమని పెద్దలు చెప్పారు, నేనూ చెబుతాను. తులసి ఉన్న ఇల్లు తీర్థంతో సమానమని పురాణాలు చెబుతాయి, నేను నమ్ముతాను. కానీ అమ్మ ప్రాణం పోవడానికి కుండీలో నీళ్ళు లేకపోవడమే కారణమని చెప్పి ఒక కూతురి మీద నింద వేయడాన్ని భక్తి అనరు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి ఎండ తగిలే చిన్న కుండీలో మట్టి ఒకటి రెండు రోజుల్లో పొడిబారిపోతుంది. ఏడు వారాలు నీళ్ళు లేకపోతే ఏ మొక్కైనా ఎండుతుంది, తులసైనా సరే, క్రోటనైనా సరే. అది శకునం కాదు, దాహం. దాహం వేసినవాళ్ళకి ఏం చేస్తాం? నీళ్ళిస్తాం. జాతకం చూపించుకోం కదా.

శాంతి పర్వంలో భృగు మహర్షికీ భరద్వాజుడికీ జరిగిన సంభాషణ ఒకటుంది. చెట్లకు ప్రాణం ఉందా, అవి చూస్తాయా, వింటాయా అని చర్చ. భృగువు ఉందనే చెబుతాడు. వేడికి వాడిపోతాయి కాబట్టి వాటికి స్పర్శ తెలుసు, వేళ్ళతో నీరు తాగుతాయి, జబ్బు పడతాయి, చికిత్సకి కోలుకుంటాయి, సుఖదుఃఖాలు తెలుస్తాయి అంటాడు. సంస్కృతంలో చెట్టుకి పాదపం అని పేరుంది చూడండి, పాదాలతో తాగేది అని అర్థం. అంత అందమైన పేరు పెట్టుకున్న మనం, తులసి పాదాలకి పసుపు, కుంకుమ, అగరుబత్తి నుసి, పాలు, పంచదార నీళ్ళు అన్నీ పోస్తాం. తాగడానికి మంచినీళ్ళు ఉన్నాయో లేదో మాత్రం చూడం. (ఇది చదివి మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నేను ఈ మాట రోజూ అంటాను కాబట్టి.)

మరి మైల సంగతి? దీపం, పూజ, పండగ, వీటి విషయంలో మీ ఇంటి ఆచారం ఏదో మీ పెద్దల్ని అడిగి అలాగే చేయండి. నేను అడ్డు రాను. నీళ్ళకి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంట్లో ఆవు ఉందనుకోండి. మైల అని దానికి ఏడాదంతా గడ్డి వేయడం మానేస్తామా?

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. నేనుండేది నాచారంలోనే, దూరమేం కాదు. సిమెంటు తులసికోట, అందులో ఎండిపోయిన మొక్క. ఆకు ఒక్కటి లేదు. కొమ్మల నిండా ఎండిన కంకులు, నల్లగా. పైకొమ్మ విరిస్తే పుల్లలా టప్‌మంది. మధ్యలో గోటితో గీకాను. లోపల గోధుమ రంగు, అంటే ప్రాణం లేదు. ఇంకా కిందికి వచ్చాను. మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తులో, కాండం లావుగా ఉన్నచోట, పై తోలు కొంచెం గీకితే లోపల దారమంత సన్నగా పచ్చగా కనబడింది.

ఆ తండ్రిని పిలిచి చూపించాను. ఆయన లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని, మోకాళ్ళ మీద వంగి చాలాసేపు చూశారు. ఏమీ మాట్లాడలేదు. లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చారు.

ఇక్కడ చిన్న పాఠం ఉంది, మీ అందరికీ పనికొస్తుంది. ఆయన చెంబుడు నీళ్ళూ పోశారు. నీళ్ళన్నీ కుండీ అంచు వెంట జర్రున జారి, కింది బొక్కలోంచి బయటికొచ్చేశాయి. మధ్యలో మట్టి పొడిగానే ఉంది. మట్టి పూర్తిగా ఎండిపోయినప్పుడు కుంచించుకుపోయి కుండీ అంచుల్ని వదిలేస్తుంది. అందులో కొబ్బరిపొట్టు కలిసి ఉంటే ఇంకా మొండికేస్తుంది, నీటిని లోపలికి రానివ్వదు. చూసేవాళ్ళకి నీళ్ళు పోసినట్టే ఉంటుంది, వేరుకి చుక్క అందదు. మనుషుల్లో కూడా అలా ఎండిపోయినవాళ్ళు ఉంటారు. మనం ఓదార్పు మాటలు చెంబులతో పోస్తాం, అన్నీ పక్కనుంచి జారిపోతాయి.

అలాంటప్పుడు కొంచెం కొంచెంగా, ఆగి ఆగి పోయాలి. ప్లాస్టిక్ కుండీ అయితే ఇంకా తేలిక. బకెట్లో సగం దాకా నీళ్ళు పోసి, కుండీని అరగంట అందులో కూర్చోబెట్టండి. నీరు కిందినుంచి పైకి మెల్లగా ఎక్కుతుంది. తీసి, నీళ్ళన్నీ ఓడిపోయేదాకా పక్కన పెట్టండి. వాళ్ళది కదలని కోట కాబట్టి ఆ అమ్మాయి చెంచాలతో పోసింది. గంటసేపు. ఆఫీసుకి ఆలస్యమైంది.

మీకు పాలమూరు పిల్లలమర్రి తెలుసా? మహబూబ్‌నగర్ దగ్గర, దాదాపు 700 ఏళ్ళదని చెప్పే మర్రిచెట్టు. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చూస్తే చెదలు లోపలంతా తినేసింది. సందర్శకుల్ని ఆపేశారు. మందు పెడదామని కొమ్మలకి రంధ్రాలు చేసి పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు అటవీశాఖవాళ్ళు ఏం చేశారంటే, సెలైన్ సీసాల్లో మందు నింపి, కొమ్మకొమ్మకీ వేలాడదీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. 2018లో పేపర్లలో ఆ ఫొటోలు వచ్చాయి, ముసలి చెట్టుకి ఆస్పత్రిలోలాగా సీసాలు. వాలిపోతున్న కొమ్మలకి సిమెంటు దిమ్మెలు కట్టి ఆసరా ఇచ్చారు. చూసినవాళ్ళలో కొందరు నవ్వారు, కొందరు దండం పెట్టారు. నేను రెండో జట్టు.

అక్కడ మొదట చేసిన పని గమనించారా? మందు కాదు. చెట్టు మీద బరువు తగ్గించడం. జనం తాకిడి ఆపడం. తులసికీ అంతే. ముందు బరువు దించాలి. తులసికి బరువు కంకులు, మంజరులు అంటాం కదా, అవే. పూత వచ్చి విత్తనం కట్టిందంటే తన బలమంతా అటు పోతుంది, ఆకు వేయడం తగ్గిపోతుంది. ఎండిన కంకులు, ఎండిన కొమ్మలు తీసేయాలి.

ఇక్కడే మళ్ళీ భయం వచ్చి అడ్డం నిలబడుతుంది. "తులసిని కత్తిరిస్తే పాపం కదా?" అని. పచ్చని దళాలు కోయడానికి నియమాలున్నాయి. ద్వాదశినాడు కోయకూడదు, సాయంత్రం కోయకూడదు, కొన్ని ఇళ్ళలో శుక్ర, ఆదివారాల్లో కోయరు. పూజకి కావాల్సినంతే, దండం పెట్టుకుని తీసుకోవాలి. ఇవన్నీ మొక్కని మనం అతిగా గిల్లేయకుండా కాపాడే నియమాలే. ఎండిపోయిన కొమ్మ తీయడం గిల్లడం కాదు, సేవ. పసిబిడ్డకి గోళ్ళు తీస్తే హింస అంటామా? పచ్చదనం కనిపించే చోటు దాకా, శుభ్రమైన కత్తెరతో తీసేయండి. తీసిన పుల్లలు పారేయకండి, తులసి కట్టెకీ పవిత్రత ఉంది. మెడలో వేసుకునే తులసిమాల పూసలు ఎండిన కాండంతో చేసినవే కదా.

ఇంక రోజువారీ సంగతులు త్వరగా చెప్పేస్తాను. నీళ్ళు పోసే ముందు వేలు మట్టిలోకి ఒక కణుపు దాకా గుచ్చి చూడండి. తడి ఉంటే పోయకండి. తులసిని ఎండబెట్టి చంపేవాళ్ళ సంగతి సరే, రోజూ స్నానం కాగానే చెంబుడు చొప్పున ఇంట్లో నలుగురూ పోసి వేళ్ళు కుళ్ళబెట్టి చంపేవాళ్ళూ ఉన్నారు. నలుగురిదీ భక్తే, తాగేది మాత్రం ఒక్క మొక్క. వంతులు వేసుకోండి. మిగతా ముగ్గురూ నాలుగు చుక్కలు అర్పించి నమస్కారం పెట్టుకోండి, చాలు. కుండీ అడుగున బొక్క మూసుకుపోయిందేమో చూడండి. వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్ళు రోజూ పోయకండి, వాటిలో లవణాలు ఎక్కువ. బోరునీళ్ళు పోసీ పోసీ మట్టి మీద తెల్లటి పొర కట్టి ఉంటే పైమట్టి ఒక అంగుళం తీసి మార్చండి. తులసికి ఎండ కావాలి, రోజుకి ఐదారు గంటలు. అయితే నీరసంగా ఉన్నప్పుడు మొదటి రెండు మూడు వారాలు పొద్దుటి ఎండ తగిలేచోట పెట్టండి, మధ్యాహ్నం నీడ. ఎరువు అప్పుడే వద్దు. లంఖణం చేసినవాడికి ముందు గంజి ఇస్తాం, బిర్యానీ పెట్టం. చిగురు వచ్చి నాలుగాకులు విచ్చుకున్నాక గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి. తెల్లగా పిండినల్లి పడితే గోరువెచ్చని నీళ్ళలో కొంచెం వేపనూనె, కొంచెం కుంకుడురసం కలిపి సాయంత్రం పూట చల్లండి. మర్నాడు మంచినీళ్ళతో ఆకులు కడిగేయండి.

"ఇదంతా తోటపని, భక్తి ఎక్కడుంది?" అని మీలో ఒకరైనా అనుకుంటూ ఉంటారు. తిరుమల మహాద్వారం దాటేటప్పుడు గోడకి వేలాడదీసిన గునపం ఎప్పుడైనా చూశారా? ఈసారి వెళ్ళినప్పుడు తలెత్తి చూడండి. అది అనంతాళ్వారులది. భగవద్రామానుజులు కోరితే, స్వామికి పూలతోట పెంచడానికి కొండ మీదికి వెళ్ళి స్థిరపడిపోయిన మహానుభావుడు ఆయన. చెరువు తవ్వుతున్నాడు. నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోస్తోంది. ఆమె కష్టం చూడలేక స్వామే పిల్లవాడి రూపంలో వచ్చి మట్టి మోయబోయాడట. నా సేవలో నువ్వెందుకు వేలు పెడుతున్నావని కోపం వచ్చి అనంతాళ్వారులు గునపం విసిరితే గడ్డానికి తగిలింది. గుళ్ళోకి వెళ్ళి చూస్తే మూలవిరాట్టు గడ్డం నుంచి రక్తం. అందుకే ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడతారు. తోటపనికి స్వామి ఎంత దగ్గరగా వస్తాడో చెప్పే కథ అది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడూ అంతే. ఆయన చేసినదల్లా తోట పెంచి మాలలు కట్టడం. గోదాదేవి దొరికింది ఎక్కడ? ఆ తోటలో తులసి మొక్క దగ్గర. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆ తోటమాలి ఇంటి కథే. మన్ను అంటిన చేతులు ఉన్నచోటికి వచ్చే దేవుడండీ ఆయన.

మౌలాలి కబురు కూడా చెప్పేస్తాను. ఆ అమ్మాయితో వచ్చేటప్పుడే అన్నాను, బతుకుతుందని మాటివ్వను, మన పని మనం చేద్దాం అని. తండ్రి పొద్దున్నే లేచి వేలు గుచ్చి చూసేవారట. పద్దెనిమిదో రోజున కాండం అడుగు నుంచి పెసరగింజంత చిగురు వచ్చింది. ఫొటో పంపింది. నాకు ముందు ఏమీ కనిపించలేదు, వేళ్ళతో పెద్దది చేసి చూస్తే అప్పుడు కనిపించింది. ఇప్పుడు జానెడుంది. మేనత్త మొన్న వచ్చి చూసి, కోట చుట్టూ కడిగి ముగ్గు వేసిందట. పాత మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచిది.

మరి చిగురు రాకపోతే? అదీ చెప్పాలి. ఎందుకంటే చాలా ఇళ్ళలో రాదు. మొదలు దాకా గీకినా పచ్చదనం లేకపోతే, నెల రోజులు చూసినా కదలిక లేకపోతే, అది వెళ్ళిపోయినట్టే. తులసి వేల ఏళ్ళు బతికే చెట్టు కాదు. బాగా చూసుకున్నా కుండీలో రెండు మూడేళ్ళకి ముదిరిపోతుంది. దాని ఆయుష్షు అంత. అందులో మీ తప్పు లేదు, దేవుడి అలక లేదు. మొదలుతో సహా తీసి, శుభ్రమైన చోట మట్టిలో కలపండి, లేదా ఎండబెట్టి హోమంలో వేయడానికి ఎవరికైనా ఇవ్వండి. దయచేసి ప్లాస్టిక్ కుండీతో సహా తీసుకెళ్ళి రావిచెట్టు కింద వదిలేయకండి. ఉప్పల్, నాచారం రోడ్ల మీద రావిచెట్ల మొదళ్ళు చూస్తూనే ఉన్నాను. పగిలిన దేవుడి పటాలు, పాత క్యాలెండర్లు, ఎండిన తులసి కుండీలు. పారేస్తే పాపమని భయపడి, పారేయడాన్ని రావిచెట్టుకి అప్పగించడం అది.

తీసేముందు ఒక పని చేయండి. ఎండిన కంకులు ఒక కాగితం మీద పెట్టి, అరచేతులతో మెల్లగా నలపండి. పొట్టు ఊదేస్తే అడుగున ఆవాలకంటే చిన్న గింజలు మిగులుతాయి. అవి విత్తనాలు. అదే కోటలో పాత మట్టి సగం తీసి, కొత్త మట్టి, కొంచెం కుళ్ళిన పశువుల ఎరువు కలిపి నింపండి. తడిపి, గింజలు పైపైన చల్లండి. లోతుగా పూడ్చొద్దు, మట్టి పలచగా దుమ్ములా పడితే చాలు. చెంబుతో పోస్తే గింజలు కొట్టుకుపోతాయి కాబట్టి చేత్తో చిలకరించండి. వారం, పది రోజుల్లో రెండేసి ఆకులతో లేస్తాయి. వాటిలో గట్టిగా ఉన్న ఒకటో రెండో ఉంచుకుని, మిగతావి పక్క ఫ్లాట్లవాళ్ళకి పంచండి.

కార్తికం వస్తోంది. శుద్ధ ద్వాదశినాడు, అదే క్షీరాబ్ది ద్వాదశి, తులసి పక్కన ఉసిరి కొమ్మ నాటి కళ్యాణం చేస్తాం. ఇవాళ విత్తనం వేస్తే ఆ రోజుకి మొక్క చిన్నదిగానే ఉంటుంది, రెండు మూడు అంగుళాలు. అంత చిన్న మొక్కకి చేయొచ్చా అని అడగబోతున్నారు, నాకు తెలుసు. చేయొచ్చు. దీపం మాత్రం కాస్త దూరంగా పెట్టండి, లేత ఆకులకి సెగ తగులుతుంది. పూజా విధానం వచ్చే వారం వీడియోలో చూపిస్తాను.